రాయి కదలకముందే

కోరాపుట్ జిల్లా లమతాపుట్ వైపు గదబల పల్లెల్లో ఊరి నడుమ రాళ్ళు పేర్చిన రచ్చ ఒకటి ఉంటుంది. దాన్ని సదర్ అంటారు. కొన్ని రాళ్ళు నిలువుగా పాతి ఉంటాయి, కొన్ని పలకల్లా పరిచి ఉంటాయి. మన పల్లెల్లో రావిచెట్టు కింది రచ్చబండ మీద కూర్చున్నట్టే పెద్దలు ఆ పలకల మీద కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకుంటారు. అయితే అవి ఉత్త కూర్చునే రాళ్ళు కావు. గొతర్ అనే పెద్దకర్మ జరిపి, దున్నపోతులను సాగనంపి, చనిపోయినవారి పేర నిలిపిన రాళ్ళు. ఆదిలాబాద్ గోండుల మధ్య ఏళ్ళ తరబడి గడిపిన హైమన్‌డార్ఫ్ 1943లోనే గదబల, బొండాల రాతి ఆచారాల గురించి వ్యాసం ప్రచురించారు. తెలుగు నేల మీద రాక్షసగుళ్ళని పిలుచుకునే ఇనుపయుగపు సమాధులు ఎన్నో ఉన్నాయి. అందులో ఒక్క రాయి ఎవరి పేర నిలిపారో చెప్పగలిగినవాళ్ళు మిగల్లేదు. పెంకులు, ఎముకలు, తుప్పుపట్టిన కత్తులు చూసి ఊహించుకోవలసిందే. లమతాపుట్ దగ్గర ఆ జవాబు ఇంకా మనుషుల నోట ఉంది. గదబలు రెండువేల ఏళ్ళనాటి మనుషులకు నకళ్ళు కారు, వాళ్ళ ఆచారమూ కాలంతో మారుతూ వచ్చిందే. అయినా ఒక సమాజం రాయిని ఎందుకు నిలుపుతుంది, ఎవరు మోస్తారు, ఎవరు తింటారు, ఆ తర్వాత ఆ రాయితో ఎలా మెలుగుతారు అన్నది కళ్ళారా తెలుసుకోగల చోట్లు మన దేశంలో బహు కొద్ది.

పురావస్తు పరిశోధనలో ప్రజలు పాలుపంచుకోవడం అన్న మాట వినగానే మనకు తోచేవి కొన్ని ఉన్నాయి: మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్ళడం, వారసత్వ వారోత్సవాల్లో ఉపన్యాసం వినడం, తవ్వకాల దగ్గర స్వచ్ఛందంగా పనిచేయడం, చందా ఇవ్వడం. ఇవన్నీ మంచివే. కానీ వీటన్నిటి వెనక ఒక ఊహ దాగి ఉంది. జ్ఞానం పురావస్తు శాఖ దగ్గర ఉంది, ప్రజల దగ్గర లేదు, దాన్ని కొంచెం కొంచెంగా పంచిపెట్టాలి అన్న ఊహ. కోరాపుట్, రాయగడ జిల్లాల్ని దగ్గరగా చూస్తే ఈ ఊహ తలకిందులవుతుంది. ఒక పురావస్తువుకు విలువ తెచ్చేవి మూడు: అది దొరికిన చోటు, ఆ చోటుకున్న పేరు, దాన్ని గురించి చుట్టుపక్కలవాళ్ళకున్న జ్ఞాపకం. ఈ మూడూ వస్తువు నుంచి ఒక్కసారి విడిపోతే మళ్ళీ అతకవు. వాటిని విడిపోకుండా చూడగలిగినవాళ్ళు ఆ నేల మీద రోజూ నడిచేవాళ్ళే తప్ప భువనేశ్వర్ నుంచి ఏడాదికోసారి వచ్చే అధికారులు కారు. ప్రజలు చేయగల అతి పెద్ద సహాయం ఇదేనని, దానికి బదులుగా సంస్థలు చెల్లించవలసిన బాకీ ఒకటి ఉందని ఈ వ్యాసంలో నా వాదన.

ఈ ప్రాంతం ఇంతకాలం వెనకబడి ఉండటానికి కారణం సరుకు లేకపోవడం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా విశాఖపట్నం ఏజెన్సీ, జయపురం సంస్థానం. ఆ తర్వాత కోరాపుట్ ఒడిశాలో జిల్లా అయింది. 1992లో అదే కోరాపుట్, రాయగడ, నవరంగపురం, మల్కన్‌గిరి అని నాలుగుగా చీలింది. తెలుగు చరిత్రకారులకు 1936 తర్వాత ఇది ఎల్లకవతలి నేల అయిపోయింది. ఒడియా పండితుల చూపు మహానది వైపు, భువనేశ్వర్, పూరీ, కోణార్కల వైపు నిలిచింది. రెండు విద్వత్ లోకాల నడుమ ఈ కొండలు జారిపోయాయి. అట్లాగని వీటికి చరిత్ర తక్కువా? నల వంశపు రాజు స్కందవర్మ, పోయిన రాజ్యాన్ని తిరిగి సంపాదించి, పాడుబడ్డ పుష్కరి నగరాన్ని మళ్ళీ నిలబెట్టి, విష్ణుపాదాలకు గుడి కట్టించానని చెప్పుకున్న రాతి శాసనం పోడాగఢ్‌లో దొరికింది. అదే వంశపు రాజు అర్థపతి వేయించిన రాగిరేకులు కేసరిబేడలో దొరికాయి. ఈ రెండు ఊళ్ళూ ఇప్పుడు నవరంగపురం జిల్లావి, 1992 దాకా కోరాపుట్‌వే. నందపురంలో సూర్యవంశపు రాజుల ముప్పైరెండు మెట్ల సింహాసనపు రాతికట్టడం ఉంది. సుబాయిలో ఋషభనాథుడితో కూడిన చిన్న చిన్న జైన గుళ్ళున్నాయి. కొలాబ్ జలాశయం పక్క కెచెలాలో, బొరిగుమ్మ దగ్గర భైరవసింగపురంలో జైన ప్రతిమలున్నాయి. రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పద్మపురంలో జగమండ కొండ మీద పాత శివాలయాలు, ఏడో శతాబ్దపు శాసనం ఉన్నాయి. ఇంత ఉన్నా, తెలుగులో వీటి గురించి చదవాలంటే ఒక పుస్తకం పేరు చెప్పడం కష్టం.

కేసరిబేడ రాగిరేకుల్లో దానమిచ్చిన ఊరి పేరు కేసలక. రేకులు దొరికిన ఊరి పేరులో ఆ పాత పేరే మిగిలిందని పరిశోధకులు భావిస్తారు. చోటు, పేరు, జ్ఞాపకం అన్నానే, ఇదొక చిన్న రుజువు. పదిహేను వందల ఏళ్ళు రాజవంశాలు మారాయి, లిపులు మారాయి, పాలనా భాషలు మారాయి. ఊరివాళ్ళు తమ ఊరిని పిలుచుకునే పేరు మాత్రం అరిగి అరిగి నిలబడింది. ఆ రేకులు ఏ పాతసామాన్ల దుకాణంలోనో తూకానికి వచ్చి ఉంటే అందులోని అక్షరాలు చదివేవాళ్ళం, ఊరిని మాత్రం గుర్తుపట్టలేకపోయేవాళ్ళం. అందుకే పొలాల పేర్లు, గుట్టల పేర్లు, వాగుల పేర్లు కూడా పురావస్తువులే. గదబ, కువి, సవర, దేశియ భాషల మాటల్లో ఉన్న ఈ పేర్లు రెవెన్యూ కాగితాలకెక్కేటప్పుడు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు చెవుల్లో నలిగి మారిపోతుంటాయి. ఒక ఊరి బడిపిల్లలు తమ అమ్మమ్మల్ని, తాతల్ని అడిగి ఊరి పొలిమేరలోని ప్రతి చెలకకూ, బండకూ ఉన్న పేరు రాసి పటం గీస్తే, దానికి పైసా ఖర్చు లేదు, పార తగలదు, చెడిపోయేదేమీ లేదు. పరిశోధకుడికి మాత్రం అది బంగారం.

నిపుణులు కానివాళ్ళు ఏం చేయగలరన్న ప్రశ్నకు తెలుగువాళ్ళ దగ్గర జవాబు ఎప్పటినుంచో ఉంది. రాయగడకు పొరుగున పర్లాకిమిడిలో బడిపంతులుగా బతికిన గిడుగు రామమూర్తిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే తలుచుకుంటాం. ముఖలింగం గుళ్ళ గోడల మీది అక్షరాలు చదవాలన్న పట్టుదలతో పాత లిపులు సొంతంగా నేర్చుకున్నది ఆయనే. తూర్పు గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించాడు. గాంగుల కళింగనగరం ముఖలింగమేనని వాదించాడు. ఆ మనిషే సవరల దగ్గర శిష్యుడై కూర్చుని వాళ్ళ భాష నేర్చి 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చాడు. శాసనం చదవడం, సవర మాట వినడం ఆయనకు వేర్వేరు పనులు కాలేదు. నాగార్జునకొండ కథా ఇలాంటిదే. 1920లలో ఆ లోయలో పాత స్తంభం చూసి పైవాళ్ళకు కబురు పెట్టినవాడు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు. ఆ కబురు మీద 1926లో శాసన శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి వెళ్ళి ఆ చోటి విలువ గుర్తించారు. మూడు దశాబ్దాల తర్వాత జలాశయం ముంచకముందే 1954 నుంచి 1960 దాకా ఆ లోయనంతా తవ్వి చూడగలిగారంటే, ఆ మొదటి కబురు సమయానికి అందినందువల్లే. 1922లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి నడిచింది చదువు మీద మమకారం ఉన్న ఊరి పెద్దల చేతుల మీదుగా. ధూళికట్ట, పెద్దబంకూరు వంటి శాతవాహనుల చోట్లను వెలుగులోకి తెచ్చిన ఠాకూర్ రాజారాంసింగ్‌కు ఉద్యోగరీత్యా ఆ పని లేదు. ఇవాళ కొత్త తెలంగాణ చరిత్ర బృందం ఊరూరా తిరిగి శాసనాలు, వీరగల్లులు నమోదు చేస్తోంది. కోరాపుట్, రాయగడలకు ఇంకా అలాంటి బృందం కావాలి.

అయితే కబురు పెట్టడానికీ, తవ్వడానికీ నడుమ గీత ఉంది. దాన్ని దాటకూడదు. అనుమతి లేకుండా తవ్వడం చట్టరీత్యా నేరం. నేరమన్నది పక్కన పెట్టినా, తవ్వకం అంటే ఒక పుస్తకాన్ని పేజీ పేజీ చించుతూ చదవడం వంటిది, రెండోసారి చదవడానికి ఏమీ మిగలదు. నాగలి చాలుకు రాతి గొడ్డలి తగిలిందనుకోండి. నున్నగా అరగదీసి, ఒక కొస పదునుగా ఉన్న ఆ రాయిని పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడిందని మన దేశంలో చాలాచోట్ల నమ్మి దేవుడి దగ్గర పెడతారు. దాన్ని చూసినవాళ్ళు చేయవలసింది చాలా తక్కువ. ఉన్నచోటే ఉంచి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, చుట్టూ పొలం కనబడేలా దూరం నుంచి ఒకటి ఫొటోలు తీయాలి. పొలం పేరు, ఎంత లోతున తగిలింది, చుట్టూ పెంకులున్నాయా, మట్టి రంగు మారిందా అన్నవి రాసుకోవాలి. కడగకూడదు. శాసనమైతే ఇంకా జాగ్రత్త. అక్షరాలు కనబడాలని సుద్ద రుద్దడం, మేకుతో గీకడం మంచి మనసుతో చేసే హాని. శాసన శాఖవాళ్ళు నకలు తీసే తీరు చూస్తే ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. రాయిని మెత్తటి కుచ్చుతో శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో తడుతూ పోతారు. తరవాత సిరా అద్దిన గుడ్డబంతిని పైపైన అద్దుతారు. కాగితం నల్లబడుతుంది, అక్షరాలు తెల్లగా తేలతాయి. రాయికి మాత్రం ఒక్క గీత పడదు. మనకు అంత పనితనం అక్కర్లేదు. పొద్దువాలే వేళ ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా నీడలతో పైకి తేలతాయి.

మరి ఇంత తేలికైన పని ఎందుకు జరగడం లేదు? ఇక్కడ ప్రజల్ని తప్పుపట్టడం అన్యాయం. లంకెబిందెలు దొరికాయన్న మాట పొక్కితే చాలు, పొలం యజమాని పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం పల్లెల్లో ఉంది. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువకు మించి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి, తెలపకపోతే శిక్ష. అదే చట్టంలో ఇంకో వైపు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. హక్కుదారు తేలకపోతే దొరికినవాడికి మూడు పాళ్ళు, నేల యజమానికి ఒక పాలు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదోవంతు కలిపి చెల్లించాలి. శిక్ష సంగతి అందరికీ తెలుసు, వాటా సంగతి దాదాపు ఎవరికీ తెలియదు. బ్రిటన్‌లో 1997లో మొదలైన ఒక పథకం ఈ చిక్కును మరోలా విప్పింది. ప్రాంతానికొక అధికారిని పెట్టి, సామాన్యులు తెచ్చిన ప్రతి వస్తువునూ చూసి, నమోదు చేసి, చాలామటుకు తిరిగి వాళ్ళ చేతికే ఇచ్చారు. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువుల వివరాలు చేరాయి. లోహపు జాడ పట్టే యంత్రాలతో వాళ్ళు చేసే వేట మన చట్టాలకూ, మన నేలకూ సరిపడదు, దాన్ని తెచ్చుకోనక్కర్లేదు. తెచ్చుకోవలసింది జవాబిచ్చే మనిషిని. కోరాపుట్‌లో గిరిజన మ్యూజియం ఉంది, జయపురంలో మ్యూజియం ఉంది, సునాబేడలో 2009 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది. వీటిలో ఏదో ఒకచోట ఒక మనిషి, ఒక రిజిస్టరు, ఒక ఫోను ఉండి, వచ్చిన ప్రతి కబురుకూ వారంలోగా జవాబు పోయేటట్టు చేస్తే, ఉపన్యాసాలు చేయలేని పని అది చేస్తుంది. కబురు పంపిన రైతుకు చేరవలసిన మొదటి గౌరవం రసీదు. అందులో వస్తువు పేరు, దొరికిన చోటు, పంపినవారి పేరు, అది ఎక్కడ ఉంచబోతున్నారు అన్నవి వాళ్ళు చదవగల భాషలో ఉండాలి. నేను బాకీ అన్నది దీన్నే.

చోట్లు బయటపెడితే దొంగలకు దారి చూపినట్టేనని ఒక అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. గుప్తనిధుల కోసం నందుల్ని, లింగాల్ని పెకలించిన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లో తరచు వింటూనే ఉన్నాం. అయితే దొంగకు దారి ముందే తెలుసన్నది మరవకూడదు. తెలియనిది మనకు. ఎక్కడా నమోదు కాని విగ్రహం పోతే, పోయిందని రుజువు చేయడానికే ఆధారం ఉండదు. తమిళనాడు శ్రీపురందన్ నటరాజును ఆస్ట్రేలియా 2014లో తిరిగి ఇవ్వవలసి వచ్చిందంటే, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ చాలా ఏళ్ళ ముందే తీసి ఉంచిన ఫొటో ఆ గుడి పేరుతో సహా భద్రంగా ఉండటం వల్ల. భైరవసింగపురం చెట్ల కింది ప్రతిమలకు అలాంటి ఫొటో ఉందా అన్నది అసలు ప్రశ్న. నమోదు వేరు, చాటింపు వేరు. కొలతలు, ఫొటోలు, కచ్చితమైన చోటు గ్రామసభ దగ్గర ఒక ప్రతి, మ్యూజియంలో ఒక ప్రతి ఉంటే చాలు. చోటు తెలిసేలా ఫోన్లలో, వీడియోల్లో పంచిపెట్టడం మాత్రం నిజంగా దొంగకు చేసే సాయం. ఈ ఒక్క విషయంలో ఉత్సాహవంతులైన యువకుల్ని గట్టిగానే ఆపాలి.

రెండో అభ్యంతరం పూజ గురించి. జైన తీర్థంకరుడి ప్రతిమను ఊరి దేవతగా కొలిచి కోడిని కోస్తుంటే శాస్త్రజ్ఞుడికి మనసు చివుక్కుమంటుంది, అహింసా ధర్మానికి ఎంత విరుద్ధమని. కోరాపుట్ కొండల్లో చాలా జైన ప్రతిమలు ఇలాగే ఇతర దేవతల పేర్లతో బతికి ఉన్నాయి. ఆ పూజే లేకపోతే వాటిలో ఎన్ని మిగిలేవో ఆలోచించాలి. అమరావతి స్తూపం రాళ్ళు పద్దెనిమిదో శతాబ్దం చివర కట్టడాలకు రాయిగా పోయాయి, ఎందుకంటే అప్పటికి వాటిని మొక్కేవాళ్ళు లేరు. కాబట్టి మొక్కును శత్రువుగా చూడటం తప్పు. హాని చేసేది మొక్కు కాదు, ఎనామిల్ రంగు, సిమెంటు, గోడలకు అంటించే టైల్స్. దాత ఎవరో డబ్బిస్తారు, గుడి కొత్తగా మెరుస్తుంది, శిల్పం ముక్కూ చెవులూ రంగు కింద పూడిపోతాయి, శాసనం గచ్చు కింద చేరుతుంది. దీనికి నిషేధం కంటే మాట్లాడటమే మందు. నూనె, పసుపు ఉత్సవమూర్తికో పక్కన నిలిపిన రాయికో పూయమని, పాత రాతిని నీళ్ళతో కడగమని పూజారితో, ఊరి పెద్దతో కూర్చుని ఒప్పించవచ్చు. విగ్రహాన్ని మ్యూజియానికి తరలించడం ఆఖరి మార్గం కావాలి. తరలించవలసి వస్తే దాని పక్క చీటీ మీద శతాబ్దంతో పాటు ఏ ఊరివాళ్ళు ఏ పేరుతో కొలిచేవారో కూడా రాయాలి. అది కూడా దాని చరిత్రే.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం. కూడు, మందు, రోడ్డు కోసం జనం అల్లాడుతున్న జిల్లాల్లో రాళ్ళ గురించి మాట్లాడటం ఏమిటి? ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను, కానీ ఇది రాయినీ కూడునూ విడదీసి చూస్తోంది. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో పదమూడోది చూడండి. హక్కు కోరేవాళ్ళు చూపగల ఆధారాల్లో పాతకాలం నాటివని తేల్చే బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. అంటే సదర్ రాళ్ళు, పూర్వీకుల పేర పాతిన రాళ్ళు ఒక కుటుంబానికి నేల మీద హక్కు తెచ్చిపెట్టగల సాక్ష్యాలు. వాటిని ఫొటోలతో, కొలతలతో, పేర్లతో నమోదు చేయడం పురావస్తు శాస్త్రమూ అవుతుంది, పట్టా కోసం పోరాటమూ అవుతుంది. ఈ రెండు జిల్లాలూ ఐదో షెడ్యూల్ ప్రాంతాలు. అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం ప్రజల ఆచారాల్ని, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారం కాగితం మీది మాట కాదని నియమగిరి కొండల బాక్సైటు గని వివాదం చూపింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు డోంగ్రియా కోందుల మత సాంస్కృతిక హక్కుల్ని గ్రామసభలే తేల్చాలంది. ఆ జులై, ఆగస్టుల్లో రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు గ్రామసభలు కొండను తవ్వడానికి ఒప్పుకోలేదు. అక్కడ నిలబడినవి గుళ్ళూ శాసనాలూ కావు, కొండ మీద తమ దేవుడు నియమరాజు ఉన్నాడన్న జ్ఞాపకం. జ్ఞాపకానికి చోటునూ పేరునూ జోడించి చెప్పగలిగినప్పుడు న్యాయస్థానం కూడా వింటుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

బాక్సైటు గనులు, జలాశయాలు, రోడ్లు ఈ కొండల్లో ఇంకా వస్తూనే ఉంటాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఆ నివేదికలో చుట్టుపక్కల చారిత్రక, సాంస్కృతిక స్థలాల గురించి ఏం రాశారో చూడటం మామూలు పౌరుడు చేయగల పని. అలాంటివేమీ లేవని రాసి ఉంటే, ఆ సభలో లేచి ఫలానా గుట్ట మీద ఫలానా రాళ్ళున్నాయి, ఇవిగో ఫొటోలు అని చెప్పి రికార్డులో రాయించుకోవాలి. రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల నిషేధం 2010లో చట్టంలోకి వచ్చింది, కానీ అది రక్షిత జాబితాకెక్కిన వాటికే. జాబితాలో లేని వాటికి అలా చేయెత్తే మనిషే రక్ష.

చివరగా, స్థానికులు చరిత్రను తమకు అనుకూలంగా మలుచుకుంటారన్న అనుమానం. ఇది నిజమే, నిపుణులూ దీనికి అతీతులు కారు. పద్మపురం శాసనాన్నే తీసుకుందాం. ఆ కొండ బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి విహారమని ఆ శాసనం చెబుతోందంటూ జిల్లా వర్ణనల్లో రాస్తారు. అది ఆ మహా తార్కికుడే అయితే గుణుపురానికి ఎంత గొప్ప! కానీ పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు. పేరుమోసిన పేర్లు పెట్టుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆ శాసనపు నకలు, పాఠం, అనువాదం గుణుపురం బడిలో అందరికీ కనబడేలా పెడితే, పిల్లలు గొప్ప చెప్పుకోవడంతో పాటు ప్రశ్నించడమూ నేర్చుకుంటారు. భాషల గొడవకూ ఇదే మందు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయాడు. ఆ బాధ మనకు అర్థమవుతుంది. కానీ ఆ ఎడబాటును ఇంకా మోయడం వల్ల ఈ కొండలకు ఒరిగేదేమీ లేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ రాశాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు కొండంత అండగా నిలిచాడు. నల రాజుల శాసనాలు సంస్కృతం, గదబల రాళ్ళు అక్షరం లేనివి. ఇది ఎవరి నేల అని కొట్టుకోవడానికి ఆ రాళ్ళు సాక్ష్యం ఇవ్వవు. రాయగడ, గుణుపురం, జయపురాల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు రెండు భాషలూ చదవగలవాళ్ళు. ఇంట్లో పాత తాటాకులు, సంస్థానం నాటి దస్తావేజులు, పద్దుపుస్తకాలు ఉంటే అమ్మకుండా, తగలబెట్టకుండా నకళ్ళు తీయించడం వాళ్ళు చేయగల సొంత పని.

డబ్బు సంగతి కొద్దిగా. 1996లో ఏర్పడ్డ జాతీయ సంస్కృతి నిధికి విరాళమిస్తే పన్ను రాయితీ ఉంది. కట్టడాల్ని దత్తత తీసుకునే పథకం 2017లో వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే కోటలకు, గుళ్ళకు ఇవి పనికొస్తాయి. సుబాయిలాంటి చోటుకు దాత నుంచి ముందు కావలసింది బోర్డు కాదు, ఆ ఊరివాడైన కాపలాదారుకు నెలనెలా ఆగకుండా అందే జీతం.

డబ్బుతో పెద్దగా పని లేనిదీ ఒకటి ఉంది. రాయగడ జిల్లా గుణుపురం వైపు పుట్టసింగి కొండల్లో సవరలు కూడా చనిపోయినవారికి రాళ్ళు పాతేవారు. గువార్ అనే ఆ కర్మ గురించి మానవశాస్త్రజ్ఞుడు ఎల్విన్ 1955లో రాశాడు. ఆ తర్వాత ఇంకో మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ దశాబ్దాల తరబడి ఆ ఊళ్ళకు వెళ్ళి, చనిపోయినవాళ్ళతో మాట్లాడే సవరల గురించి మొదట ఒక పుస్తకం రాసి, చనిపోయినవాళ్ళు లేకుండా బతకడం నేర్చుకున్న వాళ్ళ పిల్లల గురించి 2017లో ఇంకొకటి రాశాడు. ఎక్కువమంది క్రైస్తవం తీసుకున్నారు, రాళ్ళు పాతడం చాలా ఊళ్ళలో ఆగిపోయింది. అది వాళ్ళ నిర్ణయం, దాన్ని వెనక్కి తిప్పమనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ రాళ్ళు అక్కడే ఉన్నాయి. వాటిని పాతడం చూసిన ముసలివాళ్ళు కూడా ఉన్నారు. ఇది మా అమ్మ రాయి, అది మా చినతాత రాయి, ఆ కూలిన దాని పక్కది చిరుతపులి చంపినవాడిది అని వేలు పెట్టి చూపగలరు. వాళ్ళు సరేనంటే, వాళ్ళ మనవడో మనవరాలో ఒక నోటుపుస్తకంతో పక్కన నడిచి, రాయి వరస గీసి, ఒక్కొక్క దాని ఎదుట పేరు సవరలో రాసి, ఆ పుస్తకాన్ని ఊళ్ళోనే ఉంచుకోవాలి. అడిగితే మ్యూజియానికి నకలు ఇవ్వాలి, ఇష్టం లేని పేర్లు చెప్పకుండా వదిలేయాలి. గుణుపురం దాకా బస్సులున్నాయి, పిల్లలకు బడి ఉంది, నోటుపుస్తకం ఇరవై రూపాయలు.